ఒక దెబ్బ తక్కువ

ఇంతవరకు నా మాట ఎవరూ వినలేదు. మా ఫుట్‌బాల్ క్లబ్‌కు మెయిల్ పెడితే "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని రెప్పపాటులో జవాబు వస్తుంది. అంత తొందరగా వచ్చే జవాబును మనిషి రాయడని నాకూ తెలుసు. ఫోన్ చేస్తే ఒక పాట వినిపిస్తారు, పాట అయిపోగానే లైన్ పోతుంది. ఆఫీసుకు వెళితే గాజు తలుపు అవతల నుంచి వాచ్‌మన్ చెయ్యి ఊపుతాడు, రమ్మని కాదు. అందుకే ఇక్కడ, అభిమానుల పేజీలో రాస్తున్నాను. ఇక్కడ నన్ను మధ్యలో ఆపేవాళ్లు లేరు.

నేను సర్వీసంతా సిటీ బస్సులో కండక్టర్‌గా చేశాను. ఫిర్యాదు అంటే ఏమిటో, దానికి జవాబు చెప్పడమంటే ఏమిటో నాకు తెలుసు. ఒకసారి ఛత్రినాకలో మా వీధి పక్క వీధి పెద్దమ్మ నా మీదే ఫిర్యాదు చేసింది, చెయ్యెత్తినా బస్సు ఆపించలేదని. నిజానికి ఆ పొద్దు బస్సులో కాలు మోపే చోటు లేదు. డిపోలో పెద్దసారు నన్ను పిలిచి, "పోయి ఆమెకు జవాబు చెప్పి రాపో" అన్నాడు. తిట్టుకుంటూ వెళ్లాను. గడపలో నిలబడి సంగతి చెప్పాను.

"గిదా సంగతి?" అంది పెద్దమ్మ. "గీ ముక్క ఆ పొద్దే కిటికీలకెంచి అరిస్తే అయిపోతుండె గద బిడ్డా. నేను ముసల్దాన్నని ఆపలేదనుకున్న." లోపలికి పిలిచి చాయ్ పోసింది. ఆ తర్వాత నా బస్సే ఎక్కేది.

జవాబంటే అదీ. అంతకు మించి నేను అడగడం లేదు. నేను అడిగేది ఒక చిన్న రికార్డింగు గురించి. నా స్నేహితుడు ఒంటరిగా డప్పు కొట్టిన రికార్డింగు. దాన్ని క్లబ్‌వాళ్లే చేసుకున్నారు, వాళ్ల దగ్గరే ఉండాలి. ఉంటే ఒక నకలు ఇమ్మంటున్నాను, లేకపోతే లేదని చెప్పమంటున్నాను. ఇది మామూలు డప్పు ముచ్చట కాదని తెలియాలంటే మొదటి నుంచి చెప్పాలి.

*

మా క్లబ్‌కు ఇప్పుడు కుర్చీలు, దీపాలు, పెద్ద తెర ఉన్న స్టేడియం ఉంది. ఒకప్పుడు చాంద్రాయణగుట్ట దాటాక ఒక మట్టి మైదానం మాత్రమే ఉండేది. గీతలు సున్నంతో గీసేవాళ్లు. వాన పడితే గీతలు పోయేవి, బంతి బయటికి పోయిందా లేదా అని మాలో మేమే కొట్లాడుకునేవాళ్లం. డ్యూటీ లేని ఆదివారాలు నేను గోల్ వెనక నిలబడేవాణ్ని. ఆటగాళ్లు మా పక్కనే బట్టలు మార్చుకునేవాళ్లు, మా సీసాల్లో నీళ్లే తాగేవాళ్లు.

అక్కడే నా స్నేహితుడు పరిచయమయ్యాడు. పగలు ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి టోకు దుకాణంలో పని, పెళ్లిళ్ల రోజుల్లో మర్ఫా. మర్ఫా అంటే మా వైపు బరాత్ ముందు, అంటే పెళ్లి ఊరేగింపు ముందు నడిచే డప్పుల బృందం. ఆయన బృందంలో ఎనిమిది మంది. ఒకరోజు పెళ్లికొడుకు తయారు కావడం ఆలస్యమైందని, ఎనిమిది మందీ కాలక్షేపానికి మైదానానికి వచ్చారు. మావాళ్లు ఒక గోల్ వేశారు. వీళ్లు వాయించారు. అంతే, మైదానం మైదానమంతా ఊగిపోయింది. పెళ్లివాళ్లు వెతుక్కుంటూ వచ్చి వాళ్లను లాక్కెళ్లాల్సి వచ్చింది. మిగతా ఏడుగురు ఆ రోజును మరిచిపోయారు. ఈయన మాత్రం మరుసటి ఆదివారం తన ఒక్క డప్పు పట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత రాని ఆదివారం లేదు.

డప్పు తోలు చల్లబడితే గొంతు పోతుంది. కొట్టే ముందు మంటకు కాగాలి. మంట నా పని. పాత పేపర్లు, ఎండిన కొబ్బరి మట్టలు నేను పోగుచేసేవాణ్ని. ఆయన డప్పును మంట చుట్టూ తిప్పుతూ, వేలితో టక్కున కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, ఇంకా కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపేవాడు. ఒకరోజు నాకు పేపర్లు దొరకలేదు. ఆయన సంచిలోంచి చిరిగిన గోనెపట్టా తీశాడు.

"భాయ్, ఇదెక్కడి గోనె?" అన్నాను.

"దుకాణంలది సాబ్. మస్తుగ అంటుకుంటది, సూడుండ్రి."

మస్తుగానే అంటుకుంది. అది మిర్చి గోనె అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఘాటు పొగ లేచి గోల్ మీదికి కమ్ముకుంది. మేం దగ్గాం, మా వెనకవాళ్లు దగ్గారు. మా గోల్‌కీపర్ రెండు చేతులతో కళ్లు నలుపుకుంటుండగా బంతి వచ్చి మెల్లగా లోపలికి దొర్లిపోయింది.

"ఎవడ్రా మిర్చి కాల్చినోడు!" అని మైదానం నడిమి నుంచి కెప్టెన్ అరిచాడు.

ఆట అయ్యాక గోల్‌కీపర్ ఎర్రటి కళ్లతో మా దగ్గరికి వచ్చాడు. కొడతాడేమోనని నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆ పిల్లవాడు మా మిత్రుడి భుజం మీద చెయ్యి వేసి, "చాచా, ఇంకోసారి కాల్చేది ఉంటే అవతలి గోల్ కాడ కాల్చు. గంతే నేను చెప్పేది" అన్నాడు.

చాచా ఆ వారమంతా నవ్వుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నవ్వు రాదు. మా వల్ల గోల్ పోయినా మాతో మాట్లాడిన ఆటగాడతను. ఇవాళ మా వల్లే కుర్చీలు నిండుతున్నాయి, మాట్లాడేవాడు లేడు.

*

తర్వాత క్లబ్‌ను ఒక కంపెనీ కొన్నది. మైదానం నుంచి నగరం అవతలి కొసన ఉన్న స్టేడియానికి మార్చారు. మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. మేం నిలబడే గోల్ వెనక చోటుకు ఫ్యామిలీ జోన్ అని పేరు పెట్టి, మమ్మల్ని తూర్పు స్టాండ్ పై మూలకు ఎక్కించారు. అక్కడి నుంచి ఆటగాళ్లు బియ్యంలో పురుగుల్లా కనిపిస్తారు. మొదటి రోజే గేటు దగ్గర నా టిఫిన్ డబ్బా చెత్తబుట్టలో పడేశారు. బయటి తిండి లోపలికి రాకూడదట. అందులో మా ఆవిడ చేసిన సర్వపిండి ఉంది. తెరిచి చూపిద్దామని అప్పటికే మూత తీశాను కాబట్టి మూత నా చేతిలో ఉండిపోయింది. ఆ మూత ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. డబ్బా లేని మూత ఎందుకని మా ఆవిడ పారేయబోతే పారేయనివ్వలేదు.

"ఆ క్లబ్బోళ్లకు నీ మొహమన్న ఎర్కేనా?" అంటుంది మా ఆవిడ. "ఇంట్ల చుట్టాలొస్తే కూసోవు గని, వాళ్ల కోసం రెండు బస్సులు మారి పోతవు."

ఎందుకు పోతావంటే ఏం చెప్పను? పిల్లలకు పేర్లు పెట్టకముందు నుంచీ పోతున్నాను. అలవాటు అనడానికి మనసొప్పదు.

ఆ స్టేడియంలో మొదటి సీజన్ డప్పును రానిచ్చారు. మంటకు మాత్రం అనుమతి లేదు. అందుకని గేటు బయట చాయ్ బండి పొయ్యి మీద కాచేవాళ్లం. చాయ్ బండి ఆయన, "చాయ్ తాగేటోళ్లకన్న మీ డప్పుకే గ్యాస్ ఎక్కువ పోతుంది" అని సణుగుతూనే పొయ్యి ఇచ్చేవాడు. కాగిన డప్పును గుండెకు హత్తుకుని ఆయన ముందు, సంచులు పట్టుకుని నేను వెనక, తోలు చల్లారకముందే మెట్లన్నీ ఎక్కేవాళ్లం. రెండో భాగం ఆట మొదలయ్యేసరికి చలికి డప్పు గొంతు దిగేది. అప్పుడాయన చొక్కా ఎత్తి, డప్పును పొట్టకు ఆనించుకుని, పైన శాలువా కప్పుకుని కూర్చునేవాడు. కోడి గుడ్లు పొదిగినట్టుందని నేను ఎగతాళి చేసేవాణ్ని.

"పొదగనియ్యి సాబ్," అనేవాడు. "గోలొస్తే పిల్లలైతయి."

ఆ సీజన్ చివర్లో ఒక సాయంత్రం, ఆట మొదలుకాకముందే, మెడలో కార్డు వేలాడుతున్న ఒక కుర్రాడు మైకు, కెమెరా పట్టుకుని మా మూలకు వచ్చాడు.

"అంకుల్, మీరొక్కరే ఒక నిమిషం కొడతారా? మిగతావాళ్లు సైలెంట్‌గా ఉండండి ప్లీజ్. డ్రమ్ సౌండ్ ఒక్కటే కావాలి."

ఎప్పుడూ ఎనిమిది మందిలో ఒకడిగా వాయించిన మనిషి. మైదానంలోనూ జనం కేకల మధ్యే వాయించాడు. తనొక్కడి కోసం అందరూ మాటలాపి చూస్తుంటే పెళ్లికొడుకులా సిగ్గుపడ్డాడు. టోపీ సర్దుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, పాడబోతున్నట్టు. తర్వాత కొట్టాడు. నేను ఆయన పక్కన అన్ని ఏళ్లు నిలబడ్డాను కాని ఆ చేతిని విడిగా విన్నది ఆ రోజే. మొదట మెల్లగా, తలుపు తట్టినట్టు. తర్వాత వీధి మలుపులో బరాత్ కనబడగానే ఇళ్లలోంచి అందరూ బయటికి వస్తారు చూడండి, అట్లా. మధ్యలో ఒకచోట చెయ్యి పైకి లేచింది కాని కిందికి రాలేదు. ఒక ఊపిరి మింగాడు. ఒక దెబ్బ పోయింది. వెంటనే అందుకుని పూర్తి చేశాడు.

"బేటా, ఇంకోసారి కొడ్త," అన్నాడు ఆ కుర్రాడితో. "నడిమిట్ల ఒక దెబ్బ పోయింది."

"పర్ఫెక్ట్‌గా వచ్చింది అంకుల్. సూపర్." కుర్రాడు అప్పటికే మైకు చుట్టేస్తున్నాడు.

మా మిత్రుడు నా వైపు తిరిగాడు. "పోయింది గదా సాబ్?"

"పోయింది భాయ్."

"వాళ్లకు తెల్వలే."

ఆ ఆటంతా ఆయన మనసు అక్కడ లేదు. మేం గెలిచాం కూడా. ఆయన మాత్రం తొడ మీద వేళ్లతో అదే చోటు మళ్లీ మళ్లీ కొట్టుకుంటూ కూర్చున్నాడు. ప్రతిసారీ దెబ్బ సరిగ్గానే పడుతోంది.

*

మరుసటి సీజన్ మొదటి ఆటకు ఎప్పటిలాగే చాయ్ బండి దగ్గర డప్పు కాచుకుని గేటుకు వెళ్లాం. గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"డ్రమ్ములు బంద్ చాచా. కొత్త రూల్."

"ఏం రూల్? ఎవరు పెట్టిండ్రు? కాగితం చూపియ్," అన్నాను. నాకు గొడవ కొత్త కాదు.

"కాగితం గిట్ల నాకియ్యలే సార్. బంద్ చెయ్‌మన్నరు, బంద్ చేస్తున్న."

"పోయినేడు లేని రూలు గిప్పుడెందుకొచ్చింది? డప్పుల బాంబు పెడ్తరా ఎవలన్న?"

"సార్, లైన్ ఆగుతున్నది. పక్కకు జరుగుండ్రి."

పక్కకు జరిగాం. నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. అప్పుడు లోపల స్పీకర్లలో డప్పు మోగింది. మెల్లగా, తలుపు తట్టినట్టు. మా మిత్రుడు చేతిలోని డప్పు వైపు చూసుకున్నాడు, అదేమైనా తనంతట తాను మోగుతోందా అన్నట్టు. స్టేడియం నాలుగు వైపులా ఆ చప్పుడు నిండిపోయింది. తర్వాత ఆ చోటు వచ్చింది, దెబ్బ పోయిన చోటు. ఒక క్షణం ఖాళీ. ఆ ఖాళీలో లోపలున్న జనం, పెద్ద తెర మీద కొట్టమన్నారేమో, ఒకటే చప్పట్టు కొట్టారు. డప్పు మళ్లీ అందుకుంది.

నేను ఆయన మొహం చూడలేకపోయాను. ఆయనే నవ్వాడు.

"కండక్టర్ సాబ్, నేను లోపల్నే ఉన్న గదా. మరి ఈ బయట నిలబడ్డోడెవడు?"

"నవ్వకు భాయ్. దీని సంగతి నేను చూస్త."

"నువ్వు లొల్లి జెయ్యకు. ఒక్కటడుగు చాలు. లోపలికి పోయి గా ఒక్క దెబ్బ సక్కగ కొట్టి మల్లొస్తనని అడుగు. మూడు నిమిషాల్ల ఒస్త."

నేను నిజంగానే అడిగాను. గార్డు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

ఆ రోజు ఇద్దరం తిరిగి వచ్చేశాం. తర్వాతి ఆటలకు ఆయన డప్పు లేకుండా వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు ఆయనకు. ఒళ్లో పెట్టుకునేవాడు, చంకల్లో పెట్టుకునేవాడు. స్పీకర్లలో తన డప్పు మోగినప్పుడు తల వంచుకుని వినేవాడు. ఆ ఖాళీ వచ్చినప్పుడు అందరితో పాటు చప్పట్టు కొట్టేవాడు. కాని జనం ఖాళీ రాగానే కొట్టేవాళ్లు. ఈయన దెబ్బ ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడ కొట్టేవాడు. అది జనం చప్పట్టుకు కొంచెం వెనక పడుతుంది. పక్క కుర్చీ కుర్రాడు ఒకరోజు వెనక్కి తిరిగి, "అంకుల్, టైమింగ్ తప్పుతుంది మీది. మమ్మల్ని చూసి కొట్టుండ్రి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. చెప్పబోయాను. ఆయన నా మోచెయ్యి నొక్కాడు.

"హౌ బేటా," అన్నాడు ఆ కుర్రాడితో. "ఆదత్ లేదు నాకు, అలవాటైతది."

ఆ చప్పుడు ఎవరిదో పెద్ద తెర మీద ఒక్కసారి వెయ్యమని ఆ సీజన్‌లోనే మెయిల్ పెట్టాను. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది, అన్నారు.

*

సీజన్ ముగిశాక ఆయన మెట్లు ఎక్కలేకపోయాడు. స్టేడియం మెట్లు కాదు, వాళ్లింటి మెట్లు. మిర్చి దుమ్ము అని ఇంట్లోవాళ్లు అనుకున్నారు, దుకాణం మానిపించారు. దుమ్ము కాదు, గుండె అని డాక్టరు చెప్పాడు. ఆయాసం ఎప్పటి నుంచి అని అడిగితే ఆయన ఈ మధ్యనే అన్నాడు. నేను మంచం పక్కన నిలబడి ఉన్నాను. పైకి లేచి కిందికి రాని ఆ చెయ్యి నాకు గుర్తొచ్చింది. ఈ మధ్యన కాదు అని అందామనుకున్నాను. అప్పటికి అనీ లాభం లేదు.

వానలు మొదలయ్యే రోజుల్లో ఆయన పోయాడు. జనాజా వెనక ఆయన బృందంలోని ఏడుగురూ ఖాళీ చేతులతో నడిచారు. ఆ వీధిలో అంతమంది అంత నిశ్శబ్దంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. క్లబ్ నుంచి ఎవరూ రాలేదు. నేను కబురు పంపాను. కబురు అందినట్టు మెషీన్ జవాబిచ్చింది.

భర్త పోయాక భార్య ఇల్లు కదలకుండా పాటించే ఇద్దత్ గడువు ముగిశాక, నేనూ మా ఆవిడా ఆయన భార్యను, భాభీని చూడటానికి వెళ్లాం. డప్పు గోడకు వేలాడుతోంది. భాభీ చాయ్ ఇచ్చి, ఆ డప్పు కింద చాప మీద కూర్చుంది. తర్వాత అడిగింది.

"భయ్యా, ఆయన ఒక మాట అంటుండె. స్టేడియంల పెద్ద స్పీకర్ల నేనున్న అని. నిజమేనా?"

"నిజమే భాభీ."

"నేనెప్పుడు వినలే," అంది. "పెండ్లిళ్లల్ల మేం ఆడోళ్లం లోపలుంటం. గోడవతల ఎనిమిది మంది కొడ్తుంటే అందుల ఆయనదేదో నాకేం తెలుస్తది? ఇంట్ల కొడ్తే పక్కింటోళ్ల పిల్లలు లేస్తరని కొట్టకపోతుండె. పెండ్లి వీడియోలు తెప్పిచ్చి చూసిన. అందరు డప్పు చప్పుడు తీసేసి సిన్మా పాట పెట్టిండ్రు. ఆయన చేతులూగుతయి, పాట వేరే వస్తది."

నా ఫోన్‌లో మూడు వీడియోలు ఉన్నాయి. మూడింట్లోనూ వినబడేది నా గొంతే, రిఫరీని తిడుతూ. వెనక ఎక్కడో డప్పు ఉంది. వాటిని ఆమెకు వినిపించాను. ఆమె చివరి దాకా విని, "ఇది నువ్వు భయ్యా" అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

కొత్త సీజన్ మొదటి ఆటకు ఆమెను తీసుకువెళ్లాను. మా ఆవిడ కూడా వచ్చింది. ఆ క్లబ్ పేరెత్తితే మండిపడే మనిషి, అడగకుండానే చెప్పులు వేసుకుని బయల్దేరింది. రెండు బస్సులు మారాం. భాభీ కొత్త బురఖా వేసుకుంది. చేతిలో ఒక రుమాలు తప్ప ఏమీ తెచ్చుకోలేదు. గేటు దగ్గర సోదా చేసే అమ్మాయి ఆ రుమాలు కూడా విప్పి చూసింది.

తూర్పు మూలలో మా పాత చోట్లోనే కూర్చున్నాం. భాభీని ఆయన కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఆటగాళ్లు లోపలికి వచ్చేటప్పుడు వస్తది భాభీ. మెల్లగ మొదలైతది. మధ్యల ఒకచోట ఆగుతది, చప్పట్లు కొడ్తరు. అదే."

ఆటగాళ్లు వచ్చారు. స్పీకర్లలో ఏదో ఇంగ్లీషు పాట దద్దరిల్లింది. పొగ, మంటలు లేచాయి. మాకు ఒక డప్పు కాచుకోనివ్వని చోట నిలువెత్తు మంటలు.

"యే హై క్యా భయ్యా?"

"కాదు భాభీ. ఇంకా రాలే."

కార్నర్ కిక్ వచ్చినప్పుడు ఇంకో పాట. ఆమె నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. మావాళ్లు గోల్ వేశారు. ఇప్పుడైనా వస్తుందని నేను లేచి నిలబడ్డాను. జనమంతా ఆనందంతో లేచారు, నేను ఆ చప్పుడు కోసం లేచాను. అప్పుడూ పాటే. ఆమె రుమాలును వేళ్లకు చుట్టుకుంటూ, "యే?" అంది. కాదన్నాను.

విరామంలో కిందికి పరుగెత్తాను. సహాయ కేంద్రం దగ్గర మెడలో కార్డుతో ఒక అమ్మాయి కూర్చుంది. సంగతి చెప్పాను.

"అది పాత సీజన్ ఆడియో సార్," అంది. "ఇప్పుడు అన్నీ మార్చేశారు."

"పాతది ఎక్కడుందమ్మా?"

"అప్పుడు చేసిన టీమ్ వేరు సార్. వాళ్లు ఇప్పుడు లేరు. మీరు మెయిల్ పెట్టండి." కంప్యూటర్ మీంచి కళ్లెత్తి, "నాకూ అది ఇష్టం సార్. మధ్యలో గ్యాప్ వస్తుంది కదా, అందరం చప్పట్లు కొట్టేవాళ్లం. ఎవరో కంప్యూటర్‌లో భలే పెట్టారు అనుకునేవాళ్లం" అంది.

"కంప్యూటర్ కాదమ్మా. మనిషి. ఆయన భార్య పైన కూర్చుంది, వినడానికి వచ్చింది."

ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచింది. "సారీ సార్" అంది. మళ్లీ, మెయిల్ పెట్టండి అంది. ఆమెను నేను తప్పు పట్టను. మూడు సీజన్లలో ఆ స్టేడియంలో నా మొహం చూసి మాట్లాడిన మొదటి మనిషి ఆమె. కాని ఆమె చేతిలో ఏమీ లేదు.

పైకి వచ్చి చెప్పలేకపోయాను. చెప్పాలనే కూర్చున్నాను. భాభీ ప్రతి చప్పుడుకూ తల ఎత్తుతోంది, ఒక్కటీ వదలకుండా. అంత శ్రద్ధగా వింటున్న మనిషికి ఇంక వినడం మానెయ్యమని ఎలా చెప్పాలి? ఆట అయిపోయింది, గెలిచాం. జనం దిగిపోయారు. ఊడ్చేవాళ్లు కింది వరసలో చీపుళ్లతో మొదలుపెట్టారు. భాభీ కదలలేదు.

"అందరు పోతే వస్తదా భయ్యా?"

అప్పుడు చెప్పాను. ఆమె తల ఊపింది. నేను ఊహించినట్టు ఏడవలేదు. ఆయన కుర్చీ చేతిని ఒకసారి రుమాలుతో తుడిచి లేచింది.

తిరుగు బస్సులో చాలా దూరం వచ్చాక అంది, "వచ్చింది కావచ్చు భయ్యా. గంత లొల్లిల ఎక్కడ్నో ఒకచోట వచ్చే ఉంటది. నేనే గుర్తుపట్టలేదు."

"లేదు భాభీ, రాలేదు. వస్తే నేను చెప్పకపోదునా?"

"ఏమో. ఇన్నేండ్లు కాపురం చేసి ఆయన చెయ్యి గుర్తుపట్టలేకపోయిన."

మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది. చాంద్రాయణగుట్టలో ఆమెను ఇంటి దగ్గర దింపే వరకు వదల్లేదు. మా ఇంటి తాళం తీస్తూ నాతో అంది, "జిందగీ మొత్తం అందరితోని లొల్లి వెట్టుకుంటివి. మూత కోసం వెట్టుకుంటివి, గోల్ వెనక జాగ కోసం వెట్టుకుంటివి. దీనికి వెట్టుకో. ఇది వదిలిపెడితే మాత్రం నేనూకోను."

*

వదిలిపెట్టలేదు. మెయిళ్లు పెట్టాను, పెడుతూనే ఉన్నాను. స్టాండ్‌లో పక్కవాళ్ల ఫోన్లు కూడా అడిగి చూశాను, అన్నింట్లో జనం గోలే. ఆటలకూ పోతున్నాను. అంత కోపమున్నవాడివి ఎందుకు పోతావని మా వీధిలోవాళ్లు అడుగుతారు. ఏ పొరపాటు వల్లనైనా ఒకరోజు పాతదే మోగవచ్చునని పోతున్నాను. ఫోన్ చేతిలో సిద్ధంగా పట్టుకుని కూర్చుంటాను. ఈసారి నోరు మూసుకుని ఉంటానని మా ఆవిడకు మాట ఇచ్చాను.

భాభీ ఇప్పుడు ఆ సంగతి ఎత్తదు. నేను వెళితే చాయ్ ఇస్తుంది, పిల్లల గురించి అడుగుతుంది. కాని గేటు చప్పుడైనప్పుడు ఆమె మొదట చూసేది నా చేతిలోని ఫోన్ వైపు. ఆ మాట ఇంకా ఆమె మనసులో ఉంది, తానే గుర్తుపట్టలేదన్న మాట. అది అబద్ధమని రుజువు చెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు. క్లబ్‌వాళ్ల దగ్గర ఉంది.

అందుకని క్లబ్‌వాళ్లను ఇక్కడ, అందరి ముందు అడుగుతున్నాను. నా టిఫిన్ డబ్బా అడగడం లేదు. గోల్ వెనక చోటు అడగడం లేదు. తెర మీద ఆయన పేరు వెయ్యమని కూడా ఇంక అడగను. ఆ ఒక్క నిమిషం రికార్డింగు మీ దగ్గర ఉందా? ఏ పాత కంప్యూటర్‌లోనైనా, వెళ్లిపోయిన ఏ కుర్రాడి దగ్గరైనా ఉందా? ఉంటే మధ్యలో ఒక దెబ్బ తక్కువుంటుంది. దాన్ని సరిచెయ్యకండి, అట్లాగే ఇవ్వండి. పారేసి ఉంటే పారేశామని చెప్పండి, వెళ్లి ఆమెకు ఆ మాటే చెబుతాను, ఇంక వినడం మానుకోమంటాను.

మెషీన్ వద్దు. మీలో ఒక మనిషి చెప్పండి. ఉందా, లేదా?